పంటికి పలకాల

మా అత్త పోయింది. పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం భోజనాల పని ముగించుకుని, పొయ్యిలు తుడిచి, వంటింటి వెనక గదిలో చాప పరుచుకుని నడుం వాల్చింది. నాలుగు గంటలకు టీ పెట్టి లేపడానికి వెళ్లాను. లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగి గంట దాటి ఉంటుందన్నాడు. ఆ గంటసేపూ నేను గోడకు ఇవతల ఉల్లిగడ్డలు ఒలుచుకుంటూ, ఫోనులో మా చెల్లెలితో నవ్వుతూ మాట్లాడుతున్నాను.

హోటలు తలుపుకు కాగితం నేనే అంటించాను. ‘యజమానురాలు మరణించినందున పది రోజులు హోటలు మూసి ఉంటుంది’ అని రాశాను. మరుసటి రోజు చూస్తే దాని కింద ఎవరో పెన్నుతో ‘పెద్దామేనా?’ అని రాసిపోయారు. మొదట ఒళ్లు మండింది. చావు కబురు మీద కూడా ప్రశ్నలేమిటని. తర్వాత లోపలికి వెళ్లి పెన్ను తెచ్చి, దాని కిందే ‘అవును’ అని రాశాను. ఇంటినిండా బంధువులున్నప్పుడు రాని ఏడుపు అక్కడ, సందులో, తలుపుకు నుదురు ఆనించుకుంటే వచ్చింది.

హిందూపురం వాళ్లకు ఇటలీ మెస్సు ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మార్కెట్టు వెనక సందులో, బెల్లం మండీకి నాలుగిళ్ల అవతల, ఆరు టేబుళ్ల హోటలు మాది. గోడల మీద ఇటలీ బొమ్మలేవీ ఉండవు. ఒక మరియమ్మ పటం, ఒక క్యాలెండరు, చేతులు కడుక్కునే చోట ‘నీళ్లు వృథా చేయరాదు’ అన్న బోర్డు. మా అత్త జీవితంలో బెంగుళూరు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. ఇటలీ ఏ పక్కన ఉంటుందమ్మా అని ఎవరైనా సరదాకు అడిగితే, గరిటె పట్టుకున్న చేతితోనే పెనుకొండ వైపు చూపించేది.

ఆమె లెక్కలో అది నిజమే. పెనుకొండ దగ్గర ఒక సిస్టర్ల మఠంలో ఆమె పద్నాలుగేళ్లు వంట చేసింది. గిన్నెలు తోమడానికని చేరిందట. అక్కడ ఇటలీ నుంచి వచ్చిన ఒక పెద్ద సిస్టరు ఉండేది. ఆ ముసలామెకు మన అన్నం, సంగటి అన్నీ అలవాటే గానీ, వారానికి రెండు రోజులు తన ఊరి తిండి లేకపోతే ప్రాణం నిలిచేది కాదట. ఆ రెండు రోజుల వంట మా అత్త చేతికి వచ్చింది. బొంబాయి రవ్వ నీళ్లతో పిసికి, మన శావిగెలు ఒత్తే కొయ్య ఒత్తులోనే ఒత్తి, మిద్దె మీద గుడ్డ పరిచి ఆరబెట్టడం; టమోటాలను రెండు గంటలు సన్నసెగన మగ్గబెట్టి, తీపికోసం అందులో ఒక క్యారెట్టు తురిమి వేయడం; అన్నీ ఆ సిస్టరు పక్కన నిలబడి నేర్పింది. పాస్తా ఉడకడానికి గడియారం చూసేవాళ్లు కారు. ఇరవై మంగళవార్త జపాలు, అంటే మరియమ్మ ప్రార్థనలు, నెమ్మదిగా చెప్పుకుంటే ఉడికినట్టు లెక్క.

ఆ సిస్టరుకు తెలుగు బాగా వచ్చని మా అత్త గట్టి నమ్మకం. ఆధారం ఏమిటంటే ఒకే ఒక్క మాట. పాస్తా దించేముందు ఆమె ఎప్పుడూ ‘అల్ దెంతె, అల్ దెంతె’ అనేదట. “దెంతె అంటే దంతమే గదా పాపా,” అనేది మా అత్త నాతో. “పంటికి తగలాల అని చెప్తాండాది. సగం తెలుగు ఆయమ్మకు పుట్టుకతోనే వచ్చిండాది.” అది వాళ్ల భాషేనని నేను ఫోనులో చూపించినా ఒప్పుకోలేదు. వాళ్ల భాషలోకి మన మాట పోయిందేమో చూడు అంది.

పెద్ద సిస్టరు వయసైపోయి తన దేశం వెళ్లిపోయాక మఠంలో ఆ వంట అవసరం తీరిపోయింది. అప్పటికే మా మామ లేడు. చంకలో ఒక కొడుకు, చేతిలో ఆ కొయ్య ఒత్తుతో మా అత్త హిందూపురం వచ్చింది. ఈ సందులో ముందు గది బాడుగకు తీసుకుంది. ఊరంతా చెప్పారట, ఇడ్లీలు పెట్టుకో, దోసెలు పోసుకో, నాలుగు డబ్బులు కళ్లజూస్తావు అని. ఆమె జవాబు ఆ రోజుల వాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. “ఇడ్లీలు మీ అందరికీ వస్తాయి. నాకొచ్చింది ఇది. వచ్చిందే చేస్తా.”

మొదటిరోజు మొదటి టేబులు దగ్గర కూర్చున్నది బెల్లం మండీ పెద్దాయన. ఇప్పుడు ఎనభై దగ్గరికి వచ్చాడు, అప్పుడు నల్ల మీసాలాయన. ఆకులో పొడుగు పాస్తా, దాని మీద ఎర్రటి సాసు వేసి పెట్టింది మా అత్త. ఆయన కాసేపు దాన్నే చూశాడట. తర్వాత చుట్టూ చూశాడట.

“అమ్మా, కాయిపాలు మరిచినట్టుండావే,” అన్నాడట.

మా వైపు ఒత్తు శావిగెలు తినడం తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. శావిగెల మీద కొబ్బరిపాలూ బెల్లమూ కలిపి పోసుకుని తినాలి, అదే కాయిపాలు. ఆయన కంటికి మా అత్త పెట్టింది ఎవరో తెలియనివాళ్లు టమోటా పచ్చడి ఒంపిన శావిగెలు. ఇంకెవరైనా అయితే ఇది శావిగె కాదు స్వామీ అని పాఠం చెప్పేవాళ్లు. మా అత్త ‘కూర్చోప్పా’ అని లోపలికి వెళ్లి, కొబ్బరి కోరి, పాలు పిండి, బెల్లం కరిగించి, పావుగంటలో తెచ్చి ఇంకో ఆకులో ఒట్టి పాస్తా మీద పోసింది. ఆయన అది మొత్తం తిన్నాడు. ఆ తర్వాత, పాపం అనుకున్నాడో ఏమో, ఎర్రదానిలో కూడా రెండు వేళ్లు పెట్టి నాకి చూశాడు. “ఇదీ బాగుండాది గానీ చప్పగుండాది,” అన్నాడట. ఆ రోజునుంచి ప్రతి శనివారం వచ్చాడు. మా బోర్డు మీద ఆదివారాల్లో ‘పాస్తా – కాయిపాలు’ అని ఇప్పటికీ ఉంటుంది. బెంగుళూరు పిల్లలు వచ్చి దాన్ని ఫోటో తీసుకుని నవ్వుకుంటారు. నవ్వి, రెండో ప్లేటు తీసుకుంటారు.

తులసి గొడవ కూడా చెప్పాలి. సాసులో వేయడానికి మా అత్త సబ్జా మొక్కలు నూనె డబ్బాల్లో పెంచేది. ఆకు చూడటానికి అచ్చం తులసిలాగే ఉంటుంది. సందులో ఎవరో ‘ఆ సిస్టరమ్మ తులసమ్మను నూరి అందరికీ పెడతాండాది’ అని పుట్టించారు. నలుగురు పెద్దమనుషులు నిలదీయడానికి వచ్చారట. ఆమె వాళ్ల చేతుల్లో ఒక్కో ఆకు పెట్టి నలపమంది. “ఎండాకాలం మీరు నిమ్మకాయ నీళ్లలో వేసుకుంటారే సబ్జా గింజలు, దాని చెట్టప్పా ఇది. కొడుకును తాగుతారు, తల్లిని చూస్తే గుర్తుపట్టరా?” అందట. వచ్చిన నలుగురిలో ఇద్దరు అక్కడే కూర్చుని తిని వెళ్లారు.

ఇక నా సంగతి. మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. ప్రేమ పెళ్లి చేసుకున్నానని, అందులోనూ గుడి వేరే అని మా ఇంట్లో రెండేళ్లు నాతో మాట్లాడలేదు. అత్తగారింట్లో దిగిన మూడో రోజున, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బించుకుని ఉంటే, మా అత్త వచ్చి ఓదార్చలేదు. “ఊరికే కూచుంటే ఇంకా ఏడుపొస్తాది. రా, పాస్తా ఉడకబెడుదువు,” అంది.

ఉడకబెట్టాను. వడగట్టి ఇచ్చాను. ఆమె ఒక్క పోగు తీసి, ఒక కన్ను మూసి, ముందుపళ్లతో కొరికి, వింటున్నట్టు తల వంచింది. “పలుకు పోయింది,” అంది.

పలుకు అంటే తెలుగువాళ్లకు వివరించాల్సిన పనేముంది. పులిహోరకు అన్నం వండేటప్పుడు మెత్తగా కానివ్వకుండా, లోపల సన్నగా గట్టిదనం మిగిలేటట్టు దించుతాం. ఆ గట్టిదనమే పలుకు. ఆ మాట నాకు పుట్టినప్పటినుంచీ తెలుసు. అదే మాట నోటి మాటకు కూడా ఎందుకు వాడతామో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. మా అత్త ఆలోచించింది. “పంటి కింద పడితే అది బదులు చెప్పాల పాపా. నేనున్నా అని పలకాల. మెత్తబడిపోయిందనుకో, అది ఇంక మనతో మాట్లాడదు.” నాకు మంగళవార్త జపం రాదు కదా, ఇరవై జపాలు ఎట్లా లెక్కపెట్టాలి అని అడిగాను. నీకేమొచ్చు అంది. మగ్గం పోటు, నేసేటప్పుడు పడే దెబ్బ, లెక్కపెట్టడం వచ్చు అన్నాను. మా నాయన నేసే వేగానికి ఎన్ని పోట్లయితే పలుకు నిలుస్తుందో వారం రోజులు ఇద్దరం కూర్చుని కుదుర్చుకున్నాం. నేను నోటితో టకాటక అంటుంటే పక్కన ఆమె పెదవులు జపం చేసేవి. రెండూ ఒకేసారి ముగిసిన రోజు ఆమె నా వీపు మీద ఒక్క దెబ్బ వేసింది. అది మెచ్చుకోవడం అని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

రెండేళ్ల తర్వాత మా నాయన వచ్చాడు. హోటల్లోకి వచ్చి, కోపం వదలకుండానే కూర్చున్నాడు. మా అత్త స్వయంగా వడ్డించింది. ఆయన ఒక పోగు పట్టుకుని, వెలుతురుకు ఎత్తి, రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు. ఎన్నేళ్ల అలవాటో.

“ఏమ్మా, ఇది పడుగా, పేకా?” అన్నాడు. మగ్గం మీద నిలువు దారం పడుగు, అడ్డం దారం పేక.

“నేసేటోళ్లు మీరు, మీరే చెప్పాల,” అంది మా అత్త. “తెగకుండా నోటిదాకా పోతే పడుగనుకోండి.”

మా నాయన నవ్వాడు. రెండేళ్ల తర్వాత నేను విన్న నవ్వు అది. ఆమె ఒక్క మాట కూడా నా తరఫున వాదించలేదు, బతిమాలలేదు. వడ్డించింది అంతే. నా పుట్టిల్లు నాకు తిరిగి వచ్చింది ఆ టేబులు దగ్గరే.

ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక మా హోటలుకు మంచి రోజులొచ్చాయి. మా ఆయనకు అందులోనే ఉద్యోగం. పరదేశపు ఇంజనీర్లను అప్పుడప్పుడు వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి నిజంగానే ఇటలీ మనిషి ఒకాయన, ఏదో మెషీను బిగించడానికి వచ్చినాయన, వచ్చి కూర్చున్నాడు. మా అత్త ఆ రోజు తలుపు చాటునుంచి కదల్లేదు. ఇన్నేళ్లుగా తాను ఇటలీ అని పెడుతున్నది ఇటలీ కాదని ఆయన అంటే ఏం చేయాలో ఆమెకు తెలియదు. ఆయన తిన్నాడు. తిని, మా ఆయనతో ఏదో చెప్పాడు. వాళ్ల అవ్వ చేసిన సాసు కూడా ఇట్లాగే ఉండేదట, కారం లేకుండా, కాస్త తియ్యగా, చప్పగా. మా ఆయన ఆ చివరి మాటను మింగేద్దామనుకున్నాడు గానీ నోరు జారింది. మా అత్త మాత్రం పట్టుచీర పెట్టినంత సంబరపడింది. “విన్నావా పాపా? చప్పగా అంట! వాళ్లవ్వ మాదిరే అంట!” ఆ మాట బెల్లం మండీ పెద్దాయనకు కనీసం పదిసార్లు చెప్పి ఉంటుంది.

ఆ తర్వాత కరోనా వచ్చింది. మాకందరికీ వచ్చింది, పోయింది. నాకూ మా ఆయనకూ నెలరోజుల్లో రుచీ వాసనా తిరిగొచ్చాయి. ఆమెను అడిగితే “వచ్చిందిలే” అంది. హోటలు మళ్లీ తెరిచాం. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున సాసులో నేను ఉప్పు వేశాను, అది చూడక ఆమె కూడా వేసింది. గరిటెతో తీసి నోట్లో వేసుకుని, తల ఊపి, వడ్డించు అంది. నేను నాకి చూస్తే సముద్రం నీళ్లు. ఆమెను నొప్పించడం ఇష్టం లేక అబద్ధం ఆడాను.

“అత్తా, అడుగంటింది. పారబోస్తా.”

“అడుగంటిందా? వాసన...” అని ఆగిపోయింది. పని వేళలో ఎప్పుడూ కూర్చోని మనిషి, బియ్యం డబ్బా మీద కూర్చుంది. “పోయింది పాపా. ఆ జొరంతోనే పోయింది. వస్తాది, వస్తాదని చూస్తాండా. మట్టి తిన్నట్టుండాది ఏం తిన్నా.” నా చెయ్యి పట్టుకుంది. “ఎవరికీ చెప్పొద్దు. వాడికి కూడా చెప్పొద్దు. రుచి తెలియనిదాని చేతి వంట ఎవరు తింటారు పాపా?”

చెప్పనన్నాను. ఆ రోజునుంచి నేను ఆమె నాలుకనయ్యాను. వంటగది హాల్లోకి తెరిచే ఉంటుంది కాబట్టి ఉప్పు చూడు అని నన్ను అడిగితే జనం గమనిస్తారు. అందుకని ఒక దారి కనిపెట్టింది. గరిటె నాకు అందించి “పలికిందా?” అనేది. వినేవాళ్లు పాస్తా ఉడకడం గురించి అనుకునేవాళ్లు. ఉప్పూ పులుపూ తీపీ అన్నీ ఆమె పద్ధతిలో కుదిరితే నేను “పలికింది” అనాలి. లేకపోతే “ఇంకా పలకలేదు” అని నేనే సరిచేయాలి. పాస్తా ఉడకడం మాత్రం ఆమెదే. పళ్లకు ఏమీ కాలేదు కదా. ఒక కన్ను మూసి కొరికి చూసేది, ఎప్పటిలాగే.

ఇప్పుడు చెప్పబోయేది నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో జనం తగ్గిపోయారు. మెయిన్ రోడ్డులో కొత్త పిజ్జా అంగడి వచ్చింది. సాయంత్రాలు మా ఆరు టేబుళ్లలో నాలుగు ఖాళీ. మా అత్త గుమ్మం దగ్గర నిలబడి సందు మొదటివరకు చూసేది. హోటలు మూతపడితే ఆమె బతకదని నాకు తెలుసు. ఒకరోజు, ఏమైతే అయిందని, నాలుగు ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు దంచి నూనెలో వేయించి సాసులో కలిపాను. క్యారెట్టు మానేశాను. ధర్మవరంలో మా అమ్మ చేసే టమోటా ఊరిబిండి, అంటే కారపు రోటిపచ్చడి, రుచి దగ్గరికి తెచ్చాను. మా అత్త గరిటె అందించి “పలికిందా?” అంది. “పలికింది” అన్నాను.

ఆ రోజు కాలేజీ పిల్లలు ఇంకో ప్లేటు అడిగారు. మరుసటి వారం ఇంకా నలుగురిని తెచ్చారు. నేను మిరపకాయలు ఆరు చేశాను, తర్వాత ఎనిమిది. టేబుళ్లు నిండాయి. మా అత్త ముఖంలో కళ తిరిగొచ్చింది. “చూసినావా, పెద్ద సిస్టరు వంట ఎప్పటికీ మోసం చెయ్యదు,” అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను గిన్నెల వైపు తిరిగిపోయేదాన్ని. వాళ్లవ్వ మాదిరే అన్న ఇటలీ ఆయన మాట పట్టుకుని ఆమె ఎంత మురిసిందో నాకు తెలుసు. ఆ వంటను ఆమె కళ్లముందే, ఆమె గరిటెతోనే, నేను తీసేశాను. గుడ్డివాళ్ల చేతిలో నోటు మార్చినట్టు ఉండేది నాకు. చెప్పాలి, రేపు చెప్పాలి అనుకునేదాన్ని. చెబితే హోటలు తనది కాదనుకుంటుందేమోనని భయం. రేపు, ఈ పండగ అయ్యాక, పరీక్షల సీజను అయ్యాక. అట్లా రెండేళ్లు గడిచాయి. రోజూ ఆమె పలికిందా అని అడిగింది. రోజూ నేను పలికింది అన్నాను.

అత్త పోయి, మూసిన పది రోజులూ అయ్యాక వచ్చిన శనివారం నాడు హోటలు తెరిచాను. మధ్యాహ్నం బెల్లం మండీ పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చాడు. తన మొదటి టేబులు దగ్గరే కూర్చున్నాడు. వడ్డించాను. నాలుగు ముద్దలు తిని, నీళ్లు తాగి, ముక్కు తుడుచుకున్నాడు.

“మీ అత్త ఉంటే ఇది నీకు చెప్పేటోడిని కాదమ్మా,” అన్నాడు. “రెండేండ్ల కింద ఒక శనివారం ఇది తిని నా నోరు మండిపోయింది. కౌంటరు కాడికి పోయి, ఏమ్మా, చెయ్యి మారిందే అన్నా. ‘చెయ్యి నాదేనప్పా, నాలుక మా కోడలిది’ అనింది. అప్పుడే తెలిసింది నాకు, ఆయమ్మకు రుచి లేదని.”

ఎదురు కుర్చీలో కూర్చున్నాను.

“రుచి తెలియనప్పుడు కారం ఎట్ల తెలిసిందమ్మా అన్నా. నగింది. ‘రుచి పోతే పోయింది, మంట యాడికి పోతాదప్పా? కన్ను నీళ్లు కారదా, నోరు మండదా? మొదటి దినమే తెలిసింది నాకు. అది చెప్పలేదు, నేనడగలేదు’ అనింది.”

“నన్నెందుకు అడగలేదు?” అన్నాను.

“నేనూ అదే అన్నానమ్మా. పిలిచి అడగరాదా అని. ‘నేనడిగితే బయపడి మళ్లీ నా మాదిరే చేస్తాది. జనం వస్తాండారు గదా, చెయ్యనీ. ఇంక ఈ హోటలు దానిదే గదా. కానీ దానంతట అది నా కాడికొచ్చి చెప్పాల. నేను రోజూ అడుగుతానే ఉండా’ అనింది. అంతవరకూ నోరు మూసుకుని తినప్పా అని నన్ను గదమాయించింది గూడా.”

ఆయన చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. నేను అక్కడే కూర్చున్నాను. రోజూ అడుగుతానే ఉండా అన్నదట. రెండేళ్లు ఆమె అడిగింది ఉప్పు గురించే అనుకున్నాను. నన్ను పలకమని అడుగుతోందని నాకు తోచనే లేదు.

అత్తా, కారం నేనే వేశాను. క్యారెట్టు మానేసింది నేనే. నీకు చెప్పాల్సింది ఊరందరికీ చెబుతున్నాను, నువ్వు లేనప్పుడు. నా మొదటి రెండేళ్లలో నాతో ఎవరూ మాట్లాడని కాలంలో నువ్వొక్కదానివే మాట్లాడావు. నీతో ఆ ఒక్క మాట నేను మాట్లాడలేకపోయాను. క్షమించమని అడిగే మొహం కూడా లేదు. కానీ నువ్వు అప్పటికే క్షమించి, నేను చెప్పేదాకా కాచుకుని ఉన్నావని తెలిశాక, ఇంకెవరి మీదా నాకు కోపం రావడం లేదు. అది నువ్వు నాకు పెట్టిన ఆఖరి పెట్టుపోత.

ఆ గురువారం పొద్దున గుర్తొస్తోంది. పదకొండున్నర అయింది. సాసు కుతకుతలాడుతోంది. ఆ రోజు మిరపకాయలు కొత్త సరుకు, ఘాటెక్కువ. ఆమె ఎప్పటిలా గరిటె నాకు అందించి “పలికిందా?” అంది. “పలికింది అత్తా,” అన్నాను. ఎందుకో ఆమె వెంటనే తిరగలేదు. నా ముఖంలోకి కాసేపు చూసింది. నేను ప్లేట్లు తుడుస్తున్నాను. తర్వాత ఆ గరిటె తన నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఉల్లిగడ్డల ఘాటనుకుని నేను కిటికీ తెరిచాను. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె మళ్లీ సాసు తీసుకుని, ఊదుకుని, రెండోసారి నోట్లో పెట్టుకుంటోంది. కళ్లనుంచి నీళ్లు చెంపల మీదికి కారుతున్నాయి, పెదాలు ఎర్రబడ్డాయి, గరిటెను అటూ ఇటూ తిప్పి అంచులు కూడా వదలకుండా నాకుతోంది. మట్టి తిన్నట్టుందన్న నోటికి మిగిలింది ఆ మంట ఒక్కటే.